గ్రీన్ బేలో గడ్డకట్టే చలిలో ఒక ఆదివారం

అమెరికాలోని మిల్వాకీ నుంచి ఉత్తరానికి కారులో రెండు గంటలు వెళితే గ్రీన్ బే వస్తుంది. జనాభా లక్షకు కాస్త ఎక్కువ. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లున్న ఊళ్లన్నింటిలోకీ ఇదే చిన్నది. డిసెంబరులో ఒక ఆదివారం షికాగో బేర్స్‌తో గ్రీన్ బే ప్యాకర్స్ ఆడే ఆట చూడటానికి నేనూ మావారూ వెళ్లాం.

ప్యాకర్స్ స్టేడియం ల్యాంబో ఫీల్డ్ ఇళ్ల మధ్యనే ఉంది. ఆట రోజున చుట్టుపక్కల వాళ్లు తమ ఇంటి ముందు గడ్డినే కార్లకు అద్దెకిస్తారు. మేము కారు నిలిపిన ఇంటాయన తెల్లవారకముందే మంచు ఎత్తిపోసి చోటు చేశారట. వీధి పొడవునా జనం కార్ల వెనక పొయ్యిలు పెట్టుకుని సాసేజ్‌లు కాలుస్తున్నారు. ప్రత్యర్థి జట్టు చొక్కా వేసుకున్నవాళ్లను కూడా పిలిచి మరీ పెడుతున్నారు.

1957లో కట్టిన ఈ స్టేడియంలో ఇప్పుడు 81 వేల మందికి పైగా పడతారు. ఎక్కువ భాగం వీపు ఆనించుకోను వీలులేని అల్యూమినియం బల్లలే. పైకప్పు లేదు. ఇదే విభాగంలోని మిన్నియాపొలిస్, డెట్రాయిట్ జట్లు కప్పు కింద వెచ్చగా ఆడతాయి. ఇక్కడివారు ఆకాశం కిందే ఆడాలనుకున్నారు. చలి మైనస్ తొమ్మిది డిగ్రీలున్నా, వాళ్లు చేసిందే సరైనదని నాకు అనిపించింది.

కూర్చోగానే పక్కనున్న పెద్దావిడ తన సంచిలోంచి రెండు అట్టముక్కలు తీసి ఇచ్చారు. "కాళ్ల కింద వేసుకోండి. ఇక్కడ చలి సిమెంటులోంచి ఎక్కుతుంది" అన్నారు. పది నిమిషాల్లోనే ఆ అట్ట విలువ తెలిసింది. ఆ సీట్లు వాళ్ల నాన్నగారివట. ఇక్కడ సీజన్ టికెట్లు కుటుంబంలోనే చేతులు మారతాయి. కొత్తగా కావాలంటే ఎదురుచూసేవారి జాబితాలో లక్ష పేర్లకు పైగా ఉన్నాయి. బిడ్డ పుట్టగానే పేరు రాయించేవాళ్లు ఉన్నారు.

1967 డిసెంబరు 31న ఆ నాన్నగారు ఇక్కడే కూర్చున్నారు. ఆ రోజు చలి మైనస్ 25 డిగ్రీలు. మైదానం కింద అమర్చిన వేడి తీగలు అక్కరకు రాలేదు. ఈలలు గడ్డకట్టిపోతే రిఫరీలు నోటితో అరిచి ఆట నడిపించారు. ఆఖరి క్షణాల్లో ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ (ఎత్తుగడ చెప్పి ఆట నడిపించే ఆటగాడు) బార్ట్ స్టార్ తానే బంతి పట్టుకుని గోల్ గీత దాటి దూరి, డల్లాస్‌పై 21-17తో గెలిపించాడు. ఈ కథ చెబుతున్నప్పుడు ఆవిడ వేలు ఆ గీత ఉన్న వైపే చూపిస్తూ ఉంది.

ఆట తీరు స్థూలంగా ఇది: నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలి. టీవీలో తెలియనిది ప్రేక్షకుల పాత్ర. బంతి ప్యాకర్స్ చేతిలో ఉన్నప్పుడు, క్వార్టర్‌బ్యాక్ మాట తోటివారికి వినపడాలని అందరూ గొంతు తగ్గిస్తారు. బంతి బేర్స్‌కు వెళ్లగానే, వాళ్ల మాట వాళ్లకే వినపడకుండా దద్దరిల్లేలా అరుస్తారు. అన్ని వేల నోళ్ల ఆవిరి ఒక్కసారి పైకి లేచింది. బంతితో గోల్ గీత దాటి టచ్‌డౌన్ చేసిన ఆటగాడు పరుగెత్తుకొచ్చి గోడ మీదుగా జనంలోకి దూకాడు. 1993లో లెరాయ్ బట్లర్ మొదలుపెట్టిన ఆనవాయితీ అది. మాకు నాలుగు వరుసల కింద ముక్కూముఖం తెలియనివాళ్లు అతన్ని సొంత బిడ్డలా పొదివి పట్టుకున్నారు.

ఆ చనువుకు కారణం ఉంది. ఈ జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు. 1919లో కర్లీ ల్యాంబో తాను పనిచేసే మాంసం ప్యాకింగ్ కంపెనీ దగ్గర దుస్తులకు డబ్బు అడిగి దీన్ని మొదలుపెట్టాడు. డబ్బుకు కటకటలాడినప్పుడు, మన ఊళ్లలో చందాలు వేసుకుని గుడి నిలబెట్టుకున్నట్టే, జనం వాటాలు కొని నిలబెట్టారు. ఇప్పుడు వాటాదారులు ఐదు లక్షలకు పైనే. లాభం పంచరు, లాభానికి అమ్ముకోవడానికీ లేదు. ఓటు మాత్రం ఉంటుంది. పక్కనున్న ఆవిడకూ ఒక వాటా ఉంది. ఏటా వేసవిలో ఇదే స్టేడియంలో జరిగే సర్వసభ్య సమావేశానికి తప్పకుండా వస్తారట.

వేసవి శిక్షణ శిబిరం గురించీ ఆవిడే చెప్పారు. ఆటగాళ్లు ఊరి పిల్లల సైకిళ్లు తీసుకుని ప్రాక్టీసు మైదానానికి తొక్కుకుంటూ వెళతారు. పిల్లలు వాళ్ల హెల్మెట్లు మోస్తూ పక్కనే పరుగెడతారు. వచ్చే ఆగస్టులో మా అబ్బాయినీ, వాడి సైకిలునూ తీసుకుని వెళుతున్నాం.