అమ్మ కణితి వంశపారంపర్యమా కాదా: తేల్చుకున్న క్రమంలో నా అనుభవం

పాలకొల్లులో ఉండే మా అమ్మకు 71వ ఏట పెద్దపేగు కుడిభాగంలో క్యాన్సర్ కణితి బయటపడితే, రాజమహేంద్రవరంలో ఆపరేషన్ చేసి తీసివేశారు. ఆపరేషన్ సజావుగానే జరిగింది గానీ, తరువాత వచ్చిన పాథాలజీ రిపోర్టులోని ఒక్క వాక్యం మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసింది. కణితి కణాలలో డీఎన్ఏ తప్పులను సరిదిద్దే ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే ప్రోటీన్లు కనబడలేదని, లించ్ సిండ్రోమ్ (క్యాన్సర్ ముప్పు పెంచే వంశపారంపర్య జన్యులోపం) అయి ఉండవచ్చునని, కుటుంబ సభ్యులు జన్యు పరీక్ష చేయించుకోవడం మంచిదని అందులో రాశారు.

లించ్ సిండ్రోమ్ తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ పిల్లల్లో ఒక్కొక్కరికి 50 శాతం అవకాశంతో సంక్రమిస్తుంది. సరిగ్గా అప్పుడే మా అక్క కూతురికి అమలాపురం సంబంధం ఖాయమయ్యేలా ఉండడంతో, మావయ్య నన్ను పక్కకు పిలిచి, "వంశంలో ఉందని తెలిస్తే వాళ్లు ముందుకొస్తారంట్రా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

క్యాన్సర్ వైద్యురాలు రిపోర్టు చూసి, "రక్తపరీక్షలకు తొందరపడకండి, ముందు కణితిలోనే చూద్దామండి" అన్నారు. డీఎన్ఏలో దొర్లే తప్పులను సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిన్న కణితులు పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఉంటాయని, లించ్ వల్ల వచ్చేవి మొత్తంలో 3 శాతం మాత్రమేనని, మిగతా వాటిలో ఎక్కువ భాగానికి కారణం ఎపిజెనెటిక్ మార్పేనని ఆమె వివరించారు. అంటే ఎంఎల్‌హెచ్1 జన్యువులోని అక్షరాలు చెక్కుచెదరవు. దాని ఆరంభభాగమైన ప్రమోటర్ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుంపులు పేరుకుని (దీన్నే మిథైలేషన్ అంటారు) జన్యువు పని మానేస్తుంది. బోదెకు గండి పడకపోయినా తూము తలుపు దించితే చేనుకు నీరందనట్టే, ఆ ప్రోటీన్ తయారు కాదు. దానితో జతగా ఉంటే తప్ప నిలవలేని పీఎంఎస్2 కూడా కనుమరుగవుతుంది. ఈ మార్పు సాధారణంగా వయసు మీరిన వారి కణితిలోనే, అందులోనూ పేగు కుడిభాగంలో ఎక్కువగా ఏర్పడుతుంది కనుక పిల్లలకు సంక్రమించదు. పెద్దపేగు క్యాన్సర్ కణాలలో మిథైలేషన్ తేడాలున్నాయని ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1983లోనే చూపించారు. ఇన్నేళ్ల తరువాత కూడా మా రిపోర్టులో ఆ ప్రస్తావన లేకుండా నేరుగా కుటుంబం మీదకు వెళ్లడం సబబుగా లేదనే నా అభిప్రాయం.

పరీక్షకు కావలసింది అమ్మ రక్తం కాదు, కణితి ముక్కను మైనంలో పొదిగి ఆసుపత్రిలో భద్రపరచిన పారఫిన్ బ్లాకు. వైద్యురాలి లేఖ, బయాప్సీ నంబరు, డిశ్చార్జి సమ్మరీ నకలు, అమ్మ సంతకంతో అర్జీ ఇస్తే పాథాలజీ విభాగం వారు బ్లాకు ఇచ్చి రిజిస్టరులో రాయించుకున్నారు. వేసవి కావడంతో దానిని ఎండ తగలకుండా తీసుకువచ్చి, హైదరాబాదులోని ల్యాబుకు కొరియరులో పంపించాము.

మొదట బీర్యాఫ్ జన్యువులో వి600ఇ మార్పు కోసం చూశారు. అది ఉంటే లించ్ దాదాపు లేనట్టే. మా అమ్మ కణితిలో అది లేదు. ఇక లించ్ ఖాయమని మావయ్య అప్పుడే తీర్మానించేశాడు గానీ, బీర్యాఫ్ మార్పు లేకపోయినంత మాత్రాన లించ్ ఉన్నట్టు కాదు. మిథైలేషన్ వల్ల పుట్టిన కణితులలో కూడా కొన్నింటిలో అది ఉండదు. అందుకే అదే బ్లాకు మీద ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ మిథైలేషన్ పరీక్ష చేయించాము. అది పాజిటివ్ వచ్చింది. అమ్మ వయసు, మా కుటుంబంలో మరెవరికీ ఈ జబ్బు లేకపోవడం కూడా కలిపి చూసి, మాకు జన్యు పరీక్ష అవసరం లేదని వైద్యురాలు రాసి ఇచ్చారు. ఆ కాగితాన్ని మావయ్య జిరాక్స్ తీయించి దగ్గర పెట్టుకున్నాడు.

ఈ వివరం చికిత్సకూ పనికివచ్చింది. అమ్మది రెండవ దశ. డీఎన్ఏ తప్పులు సరిదిద్దే వ్యవస్థ దెబ్బతిన్న ఈ రకం కణితులలో ఆ దశలో తిరగబెట్టే ముప్పు తక్కువ, 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కటే ఇవ్వడం వల్ల ప్రయోజనం కనబడలేదు కనుక కీమో వద్దన్నారు. ఒకవేళ ముందుముందు జబ్బు వేరే అవయవాలకు పాకినా, ఇమ్యునోథెరపీకి (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు ఉసిగొలిపే చికిత్సకు) ఈ కణితులు బాగా లొంగుతాయట.

లించ్ కాదని తేలినంత మాత్రాన మాకు పరీక్షలు తప్పలేదు. తల్లికి వచ్చింది కాబట్టి, 40 దాటిన అక్క, నేను, తమ్ముడు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలన్నారు. అక్క, నేను చేయించుకున్నాము. తమ్ముడు చేపల పట్టుబడి అయ్యాక చూద్దామంటున్నాడు.