క్యాంటీన్‌లో జెంబే మోగిన శుక్రవారం

పొద్దున్నుంచీ ముసురే. కొర్లగుంటలో కంపెనీ బస్సు ఎక్కేసరికే చున్నీ సగం తడిసిపోయింది. రేణిగుంట చేరాక నోటీసు బోర్డు చూస్తే, మధ్యాహ్నం మూడింటికి క్యాంటీన్‌లో డ్రమ్ సర్కిల్ ఉందనీ, లైన్, క్యూసీ, స్టోర్స్ వాళ్ళందరూ తప్పకుండా రావాలనీ రాసుంది.

నాణ్యత తనిఖీ చేసే మా క్యూసీ వాళ్ళకీ, బోర్డులు తయారుచేసే లైన్ వాళ్ళకీ మధ్య ఈమధ్య మాటలు బాగా తగ్గిపోయాయి. సోల్డర్ సరిగా పట్టని సర్క్యూట్ బోర్డుకు మేము ఎర్ర ట్యాగ్ కట్టి వెనక్కి పంపిస్తాం. ట్యాగులు పెరిగితే వాళ్ళ ఇన్సెంటివ్ తగ్గుతుంది. పంపకుండా వదిలేస్తే మాకు చీవాట్లు. ఎవరి టెన్షన్ వాళ్ళకి నిజమే, కానీ కూర్చుని చెప్పుకునే తీరిక షిఫ్టులో దొరకదు. చివరికి టీ తాగే బల్లలు కూడా వేరైపోయాయి.

చెన్నై నుంచి వచ్చిన ట్రైనర్ బల్లలన్నీ గోడకి జరిపించి, కుర్చీలు గుండ్రంగా వేయించాడు. కుర్చీకో జెంబే. పశ్చిమ ఆఫ్రికాలో మాలీ, గినీ వైపు పుట్టిన వాద్యమట. చెక్క మొద్దును తొలిచి పైన మేకతోలు బిగిస్తారు. కర్రలుండవు, చేతులతోనే కొట్టాలి. నడిమధ్య అరచెయ్యంతా ఆనించి కొడితే లోతుగా ‘ధుమ్’ అంటుంది. అంచున వేళ్ళు దగ్గరగా పెట్టి కొడితే ‘టన్’. అదే అంచున వేళ్ళు వదులుగా విసిరితే ‘టప్’మని పదునుగా వస్తుంది. ఈ మూడు దెబ్బలతోనే గంటసేపు నడిపించాడు.

మొదట అందరం కలిసి ఇష్టమొచ్చినట్టు బాదడం, అతను చెయ్యి దించితే మెల్లగా, ఎత్తితే జోరుగా. ఆ తర్వాత మమ్మల్ని మూడు జట్లు చేశాడు. స్టోర్స్ వాళ్ళది ‘ధుమ్’, అది ఆగకుండా నడవాలి. లైన్ వాళ్ళది దాని మీద ‘టన్ టన్’. ఆ రెంటి మధ్య మిగిలిన సందులో మా క్యూసీ ‘టప్’ పడాలి.

రెండు నిమిషాలకే అందరం తాళంలో పరుగు మొదలుపెట్టాం. ఎవరూ కావాలని చెయ్యలేదు, పక్కవాళ్ళ చేతులు తొందరపడితే మన చేతులు కూడా తొందరపడతాయి. ట్రైనర్ ఆపేసి, "మీ చేతులు చూసుకోకండి, ఎదురుగా ఉన్నవాళ్ళని వినండి" అన్నాడు. నా ఎదురుగా ఉన్నది లైన్ సూపర్‌వైజర్. కొద్దిరోజులుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్నవన్నీ వాట్సాప్‌లో రిజెక్షన్ ఫొటోలే. ఇప్పుడేమో ఆయన రెండో ‘టన్’ పూర్తిగా వింటే తప్ప నా ‘టప్’కి చోటు తెలియదు. విన్నాను. ఆయన కూడా నాకోసం కాస్త ఆగుతున్నట్టు అనిపించింది. ఒక చోట మూడు జట్ల దెబ్బలూ సరిగ్గా కుదిరి, క్యాంటీన్ రేకులు కూడా అదిరాయి. అయిపోయాక ఆయనే వచ్చి, "మేడం, ఆ నాలుగో స్టేషన్‌లో సోల్డరింగ్ ఐరన్ సరిగ్గా వేడెక్కడం లేదు, రేపు ఒకసారి ఇద్దరం కలిసి చూద్దామా" అన్నాడు. ఈ ముక్క మొన్నటి రివ్యూ మీటింగ్‌లోనే రావాల్సింది, అక్కడ రాలేదు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. నా జెంబే ఎంత కొట్టినా మొద్దుగా పలుకుతోంది. సోల్డరింగ్ చేసే అమ్మాయి వంగి ఒక్క వేలితో తోలు మీద తట్టింది. "ముసురుకి తోలు వదులైపోయిందక్కా. సెగ చూపించాల" అని, ట్రైనర్‌ని అడిగి దాన్ని వంటగదిలోకి తీసుకుపోయింది. పొయ్యికి దూరంగా పట్టుకుని, తిప్పుతూ, మధ్యమధ్యలో తడుతూ, శబ్దం మారేదాకా వింటూ నిలబడింది. తిరిగి తెచ్చాక కొడితే గంట మోగినట్టు మోగింది. ఎలా తెలుసని అడిగితే, "మా నాయన పలక కొడతాడు" అంది.

పలక అంటే మా వైపు డప్పే. జాతర పలకల మోత మన తిరుపతిలో పుట్టిపెరిగిన వాళ్ళకి ఒంట్లోనే ఉంటుంది. గంగ జాతరలో వేషాల వెనక ఆ దెబ్బ వినిపిస్తే, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళ కాళ్ళు కూడా ఊరుకోవు. కొట్టే ముందు పలకని మంట దగ్గర కాచడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ పనిలో ఇంత చెవి పని ఉందని ఈరోజే తెలిసింది.

ట్రైనర్ పరిశోధనల సంగతి చెప్పాడని తిరుగు బస్సులో ఫోన్ తీసి చదివాను. అమెరికాలో బ్యారీ బిట్‌మన్ అనే డాక్టర్ బృందం 2001లో 111 మందితో చేసిన అధ్యయనం అచ్చువేసింది. గంటసేపు కలిసి డ్రమ్ములు వాయించాక, రోగాలతో పోరాడే నేచురల్ కిల్లర్ కణాల చురుకుదనం పెరిగిందట. నన్ను ఎక్కువ పట్టుకున్నది 2003 నాటిది. దీర్ఘకాలం సంరక్షణ కావాల్సిన వాళ్ళని చూసుకునే కేంద్రంలో 112 మంది సిబ్బందితో వారానికో గంట చొప్పున ఆరు వారాలు వాయింపించారు. పని వల్ల వచ్చే విసుగు, నీరసం తగ్గాయి, మనసు కుదుటపడింది. లండన్‌లో మానసిక ఇబ్బందులున్న వాళ్ళతో 2016లో అచ్చయిన అధ్యయనం పది వారాలది.

అంటే ఈ చివరి రెండు చోట్లా వారాల తరబడి చేశారు. మా దగ్గర ఒక మధ్యాహ్నం వాయించి, గ్రూప్ ఫొటో దిగి, జెంబేలు వ్యాన్‌లోకి ఎక్కించేశారు. ఇలాగైతే సోమవారానికి మళ్ళీ ఎర్ర ట్యాగులే మిగులుతాయి. మంచి పని మొదలైంది, దాన్ని ఇక్కడితో వదిలేయకూడదు. ప్రతి వారం చెన్నై నుంచి మనిషిని రప్పించడం కంపెనీకి కష్టమంటే, తాళం తెలిసినవాళ్ళు మన పక్కనే ఉన్నారు.

ఆ అమ్మాయి నా పక్క సీట్లోనే కూర్చుంది. "మీ నాయనని వారానికి ఒకసారి పిలిస్తే వచ్చి నేర్పిస్తాడా? ట్రైనర్‌కి ఇచ్చినట్టే డబ్బులిమ్మని నేను అడుగుతాను" అన్నాను. కరకంబాడి దగ్గరపడేదాకా ఏమీ మాట్లాడలేదు. దిగబోతూ, "భోజనం అందరితో పాటు క్యాంటీన్‌లోనే పెడతారు కదక్కా?" అని అడిగింది. ఊళ్ళో ఆయన పలక అందరికీ కావాలి, పంక్తిలో ఆయన ఆకు మాత్రం దూరంగా వేస్తారట.

క్యాంటీన్‌లోనే, మా బల్ల మీదే అని చెప్పాను. సోమవారం హెచ్‌ఆర్ మేడం దగ్గరికి పోయినప్పుడు డబ్బుల కంటే ముందు ఈ మాటే తేల్చుకోవాలి.