పూతరేకుల పెట్టెలో పెటూనియా నారు

గంట ప్రయాణంలో కడియం, కడియపులంక నర్సరీలు ఉన్న ఊళ్ళో కూర్చుని, వాడేసిన డబ్బాల్లో పూల నారు పోసుకోవడం చూసేవాళ్ళకు వింతగానే ఉంటుంది. కార్తీకం వచ్చేసరికి అక్కడ బంతి, చేమంతి, పెటూనియా, డయాంతస్ అన్నీ మొగ్గలతో సహా కవర్లలో సిద్ధంగా ఉంటాయి. మా అత్తయ్యగారు అదే అన్నారు: "నాలుగు మొక్కలు కొని తెచ్చుకుంటే పోయేదానికి ఈ తాపత్రయం దేనికమ్మా?" నర్సరీవాళ్ళు అమ్ముడుపోయే రకాలే పెంచుతారు. అది వాళ్ళ బతుకుతెరువు, తప్పు పట్టడానికి లేదు. నాకేమో ఆకుపచ్చ జిన్నియా కావాలి, అచ్చంగా తెల్లటి కాస్మోస్ కావాలి, బొగడబంతిలో ఎరుపు కావాలి. అలాంటివి విత్తనాల ప్యాకెట్లలోనే దొరుకుతాయి.

చలిదేశాల్లో ఈ పద్ధతికి మంచి పేరుంది. ప్లాస్టిక్ పాల జగ్గును నడుముకు కోసి, మట్టి నింపి, విత్తనం చల్లి, మళ్ళీ మూసి మంచులోనే ఆరుబయట వదిలేస్తారు. లావెండర్, డెల్ఫీనియం లాంటివాటి విత్తనాలకు తడిలో కొన్ని వారాలు గట్టి చలి తగిలితే మొలక బాగా వస్తుంది. ఆ పని అక్కడి శీతకాలమే చేసిపెడుతుంది. మన గోదావరి డెల్టాలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా మామూలుగా 16 నుంచి 20 డిగ్రీలు ఉంటుంది. మనం శాలువా కప్పుకుంటాం గాని, లావెండర్ విత్తనం దాన్ని చలి కింద జమకట్టదు. అందుకే ఆ ప్యాకెట్ల జోలికి పోలేదు.

ఇక్కడ డబ్బా మూతకు వేరే ఉద్యోగాలున్నాయి. వాయుగుండం వానకు విత్తనం కొట్టుకుపోకుండా చూడాలి. ఉడతలను, కాకులను దూరం పెట్టాలి. పైమట్టి మధ్యాహ్నానికి ఎండిపోకుండా కాపాడాలి. మొలక వచ్చాక ఆ మూతకు మెల్లమెల్లగా సెలవు ఇచ్చేయాలి. చలిదేశాలవాళ్ళలాగా వసంతం దాకా మూసి ఉంచితే మన దగ్గర నారు ఉడికిపోతుంది.

ఇక కాలం లెక్క. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటికి మొక్కలన్నీ నిండుగా పూస్తూ ఉండాలి. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. పెటూనియా విత్తిన 10 నుంచి 12 వారాలకు పూస్తుంది కనుక నవంబరు మొదట్లోనే వేయాలి. డయాంతస్ కూడా అంతే. పెద్దబంతికి రెండు నెలల పైమాటే. జిన్నియా, కాస్మోస్ డిసెంబరు మొదటివారం దాకా ఆగినా ఫరవాలేదు.

డబ్బాలు

ఇంట్లోనూ, చుట్టాల ఇళ్ళలోనూ దసరా నుంచే పోగు చేశాను. అన్నిటిలోకీ నా ఓటు ఆత్రేయపురం పూతరేకులు పెట్టి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టెకే. అడుగూ మూతా రెండూ వెలుగు పారేవే, మూత ఒకవైపు అతికి ఉంటుంది కాబట్టి ఎగిరిపోదు. లోతు తక్కువ గనుక సన్న విత్తనాలకు మాత్రమే. బిర్యానీ పార్శిల్ డబ్బాలు లోతుగా ఉంటాయి, నాలుగైదు ఆకుల దాకా నారు అందులోనే పెరగగలదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాను మూడోవంతు ఎత్తులో కోసి, పైభాగాన్నే మూతగా బోర్లిస్తే శంఖుపూలకు సరిపోయింది. బిరడా తీసేస్తే గాలి ఆడుతుంది. ఐదు లీటర్ల నూనె డబ్బాను కుంకుడు రసంతో కడగాలి, వేలితో రాస్తే జిడ్డు తగలనంత వరకు.

కోడిగుడ్ల అట్టలను మాత్రం ఎవరెంత మెచ్చుకున్నా నేను ఒప్పుకోను. అట్ట తడిని పీల్చేసుకుంటుంది, మధ్యాహ్నానికి ఎండిపోతుంది, నాలుగు రోజులు మబ్బు పడితే బూజు పడుతుంది. కొబ్బరి చిప్పలు అందంగానే ఉంటాయి, మెత్తని కన్ను పొడిస్తే నీరు పోయే దారి కూడా తయారు. ఒక్కో చిప్పకు ఒక్క మొక్కే, కోనసీమలో వాటికి కరవు లేదు కాబట్టి సరే.

చిల్లులకు మేకును పటకారుతో పట్టుకుని స్టవ్ మీద కాల్చి గుచ్చాను. కిటికీలు తెరిచి ఉంచాలి, ఆ పొగ మంచిది కాదు. అడుగున ఐదారు మిల్లీమీటర్ల చిల్లులు పది దాకా, మూతకు అంతకంటే ఎక్కువే. పేర్లు పెరుగు డబ్బా నుంచి కోసిన తెల్ల ముక్కల మీద పెన్సిలుతో రాశాను. మార్కర్ రాత ఎండకు వెలిసిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

మట్టి

మా పెరటి మట్టి జిగట. తడిస్తే ముద్ద, ఆరితే బీటలు. వరికి బంగారం లాంటి నేల, పూల విత్తనానికి మాత్రం ఊపిరాడదు. అందుకని కొబ్బరి పొట్టు రెండు పాళ్ళు, వర్మీకంపోస్టు ఒక పాలు, గోదావరి లంక నుంచి తెచ్చిన ఇసుక కలిసిన ఒండ్రు ఒక పాలు కలిపాను. అంబాజీపేట వైపు పీచు తీసే చోట్ల పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. తెచ్చిన పొట్టును తెచ్చినట్టే వాడకూడదు, అందులో ఉప్పూ వగరూ ఉంటాయి. బకెట్లో నానబెట్టి, టీ రంగులో దిగే నీళ్ళు పారబోసి, నీరు తేటపడే దాకా కడగాలి. వర్మీకంపోస్టులో కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు శిలీంధ్రం, ట్రైకోడెర్మా విరిడి పొడి గుప్పెడు కలిపి, తడి గోనెసంచి కప్పి వారం పాటు నీడన ఉంచాను. మిశ్రమాన్ని పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి. ధార కట్టిందంటే తడి ఎక్కువైనట్టే.

విత్తడం

గ్రాము పెటూనియా విత్తనంలో దాదాపు 10 వేల గింజలుంటాయి. చేత్తో చల్లితే ఒకేచోట కుప్ప పడుతుంది. సన్న ఇసుకలో కలిపి, ఉప్పు చల్లే చిన్న డబ్బాతో చల్లాను. పైన మట్టి కప్పకూడదు, ఆ విత్తనానికి వెలుగు తగిలితేనే మొలక బాగుంటుంది. ఫ్లాక్స్‌కు సరిగ్గా దీనికి ఎదురు: చీకటి కావాలి, మొలక కనిపించే దాకా మూత మీద అట్టముక్క పెట్టాను. జిన్నియా, బంతి, కాస్మోస్ అర సెంటీమీటరు లోతున వేస్తే చాలు. శంఖుపూల గింజ పెంకు గట్టిది, గోళ్ళు కత్తిరించే దానితో అంచు కొద్దిగా చిదిమి రాత్రంతా నానబెట్టాలి. బొగడబంతి గింజ దూదిలో చుట్టినట్టు ఉంటుంది, దాన్నీ ఒక రాత్రి నానేసి వేశాను.

నీళ్ళు పైనుంచి పోయలేదు. పళ్ళెంలో రెండు సెంటీమీటర్లు నీరు పోసి డబ్బాను అందులో పెడితే అడుగు చిల్లుల నుంచి పీల్చుకుంటుంది. పైమట్టి రంగు మారగానే తీసేయాలి. మా వైపు బోరు నీళ్ళలో ఉప్పు తగులుతుంది, అందుకే కాలువ నీళ్ళు పట్టి ఒక రాత్రి తేర్చి వాడాను.

చోటు విషయంలో ఒక్క మాట. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి తిరుగుతాడు. డాబా మీద మెట్లగదికి ఉత్తరాన రోజంతా నీడే, దక్షిణాన రోజంతా ఎండే. తూర్పు గోడ పక్కన పెట్టాను: పొద్దుటి ఎండ పుష్కలం, మధ్యాహ్నం నుంచి నీడ. ఒక ఖాళీ పెట్టెను మూసి పూర్తి ఎండలో ఉంచి లోపల థర్మామీటరు పెట్టి చూశాను. బయట హాయిగా ఉన్న డిసెంబరు మధ్యాహ్నమే లోపల 40 డిగ్రీలు దాటింది. చీమల కోసం డబ్బాలను ఇటుకల మీద, ఇటుకలను నీళ్ళ పళ్ళేలలో పెట్టాను. లేకపోతే బంతి గింజలను రాత్రికి రాత్రే ఊరేగింపుగా మోసుకుపోతాయి.

నవంబరు చివర

వాయుగుండం పట్టి వాన విడవలేదు. 1996 నవంబరు తుపాను చూసిన వాళ్ళెవరూ కోనసీమలో ఈ నెలను తేలిగ్గా తీసుకోరు. గాలికి ఎగరకుండా డబ్బాలన్నిటినీ పిట్టగోడ మూలకు చేర్చి మూతల మీద పెంకుముక్కలు పెట్టాము. పోల్చి చూద్దామని రెండు పెట్టెలు మూత లేకుండా ఉంచాను. వాటిలో పెటూనియా గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయాయి, మట్టి పైన గట్టి పొర కట్టింది. మూత ఉన్నవి చెక్కుచెదరలేదు. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కుదిరింది ఆ వానతోనే.

మొలకల వరస: జిన్నియా అందరికంటే ముందు, నాలుగైదు రోజుల్లో. వెనకే బంతి, కాస్మోస్. పెటూనియాకు వారం పైన పట్టింది. సాల్వియా ఆశ వదులుకున్నాక మొలిచింది.

మబ్బు పట్టిన రోజుల్లో డయాంతస్ పెట్టెలో నారుకుళ్ళు వచ్చింది. కాండం మొదట్లో నీరు పట్టి సన్నబడి మొలక పక్కకు వాలిపోతుంది, ఒకచోట మొదలై గుండ్రంగా చుట్టూ పాకుతుంది. వాలిన చోట మట్టితో సహా చెంచాతో ఎత్తి పారేసి, మిగిలిన మట్టి తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి పోశాను. మూత పూర్తిగా తీసేశాను. సగం నారు దక్కింది. మందుకంటే గాలి ఆడటమే ఎక్కువ పని చేసిందని నా అనుమానం.

ధనుర్మాసం

పొగమంచు ఉదయాలు. ఎదుటి కొబ్బరిచెట్లు ఎనిమిది దాటితే గాని కనిపించవు. మూతల లోపల చెమ్మ చూసి నడుచుకున్నాను: పొద్దున చుక్కలు పట్టి పది గంటలకు ఆరిపోతే తడి సరిపోయినట్టు, మధ్యాహ్నం దాకా పొగచూరినట్టే ఉంటే మూత ఇంకా తెరవాలి, అసలు చెమ్మే పట్టకపోతే నీరు పెట్టాలి. మొలకతో వచ్చే బీజదళాల తర్వాత మొదటి జత అసలు ఆకులు రాగానే పగలంతా మూతలు తీసి, వారంలో రాత్రి కూడా మానేశాను.

బాగా చలి పడిన ఆ రోజుల్లో నారు ఉన్నచోటనే ఉండిపోయింది. మా పక్కింటి రైతుతో అంటే ఆయన నవ్వారు. "మా దాళ్వా (రెండో పంట) వరి నారే తలెత్తడం లేదండీ, మీ పూలకు అంత తొందరేమిటి?" తొందర పెట్టలేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీటికి ఒక్క గ్రాము చొప్పున వారానికోసారి, అంతే.

నాలుగైదు ఆకులు రాగానే అర లీటరు పాల కవర్లలోకి మార్చాను. కవరును తిరగేసి కడిగి, కింది రెండు మూలలు కత్తిరిస్తే చాలు. సాయంత్రం పూట మార్చాలి, నారును ఆకు పట్టి ఎత్తాలి గాని కాండం పట్టకూడదు. బంతి, జిన్నియా జానెడు ఎత్తు రాగానే పక్క కొమ్మలు వేయాలని తల తుంచాను. తుంచుతుంటే అత్తయ్యగారు చూడలేక లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ తరఫున కూడా ఒక పెట్టె ఉంది. దీపావళికి గుమ్మానికి కట్టిన బంతి దండ ఎండాక దాచి ఇచ్చారు. బజారు దండల్లో పూలు ముదరకముందే కోసినవి కాబట్టి చాలా గింజలు తాలు. కింద నల్లగా, గట్టిగా ఉన్నవి ఏరి వేశాము. అవి సంకర రకాల పిల్లలు, తల్లి పోలిక ఉంటుందన్న హామీ లేదు. ఒకటి మోకాలి ఎత్తు, ఒకటి నడుము ఎత్తు, కొన్ని ఒంటిరేకవి. ఒక మొక్క మాత్రం ఇటుక రంగు అంచుతో పూసింది, అది నా ప్యాకెట్లన్నిటినీ ఓడించింది. "చూశావా" అన్నారు ఆవిడ.

సంక్రాంతి, ఆ తర్వాత

గొబ్బెమ్మలకు చిన్నబంతి పూలు మావే, నవంబరు మొదట్లో వేసినవి. పెద్దబంతి పండగకు మొగ్గల మీదే ఉంది. వచ్చే ఏడు దాన్ని అక్టోబరు మూడోవారంలో, వాన పడని చూరు కింద వేయాలని రాసి పెట్టుకున్నాను. కాస్మోస్ మోకాలి ఎత్తులోనే పూసేసింది. అది పగలు పొట్టిగా ఉన్నప్పుడు త్వరగా పూతకు వచ్చే మొక్క, డిసెంబరులో మనకు పగలు 11 గంటలే. ఎత్తు కావాలనుకునేవాళ్ళకు నిరాశే, కుండీలో పెంచేవాళ్ళకు మాత్రం మేలు. ఆకుపచ్చ జిన్నియా పూసింది గాని, జనవరి మంచుకు కింది ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా పరుచుకుంది. ఆ ఆకులు తుంచేసి, కుండీలను ఎడంగా జరిపి, సాయంత్రం నీళ్ళు మానేశాను. బంతి ఆకుల మీద పాము పొడ (ఆకు తొలిచే పురుగు) గీతలకు వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బు నురగతో.

పెటూనియాలు ఇప్పుడు పిట్టగోడ పొడవునా పూస్తున్నాయి. ఎండలు ముదిరితే ఇవి నిలవవు, ఆ సంగతి ముందే తెలుసు. బొగడబంతికి ఎండ ఎంతైనా ఫరవాలేదు, వేసవి బాధ్యత దానిదే. ఎండకు పెళుసెక్కిన పూతరేకుల పెట్టెలు రెండు పగిలాయి, తక్కినవి కడిగి ఆరబెట్టాను. వాటిలో ఈ వారం గడ్డిగులాబీ విత్తనం చల్లుతాను. దానికి కూడా పైన మట్టి వద్దు, మూత కూడా మొలకలు కనిపించే వరకే.