ఎండిఎఫ్ పొట్టును కోసేచోటే పట్టుకోవాలి

టేకు కోస్తే పొట్టు బరువుగా ఉంటుంది, మెషిన్ బెడ్ మీదే పడుతుంది, చీపురు పెట్టి ఊడిస్తే పోతుంది. ఎండిఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక, అలా కాదు. మైదాపిండిలా లేచి గాల్లోనే ఉండిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో మాకు సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రకారం చెక్కను కోసే మెషిన్) ఉన్న షెడ్డు ఉంది. అక్కడికి వచ్చే పనిలో ఎక్కువ భాగం పూజగది తలుపుల జాలీలే, అవన్నీ 12 ఎంఎం, 18 ఎంఎం ఎండిఎఫ్‌లోనే. సాయంత్రం షట్టర్ దించి లైట్లు ఆర్పి, మొబైల్ టార్చి అడ్డంగా వేసి చూడండి. మెషిన్ ఆగి చాలాసేపైనా ఆ వెలుగులో ధూళి తిరుగుతూనే ఉంటుంది. మనం పీల్చేది దాన్నే.

చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే చేర్చింది. ఎండిఎఫ్ పీచును అతికించే జిగురు తయారీలో ఎక్కువగా వాడేది ఫార్మాల్డిహైడ్. అది కూడా 2004లో అదే జాబితాకెక్కింది. మాస్కు పెట్టుకోవాల్సిందే, కానీ ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో కుర్రాళ్లు మాస్కు ఎంతసేపు ఉంచుకుంటారో పని చేయించే అందరికీ తెలుసు. అందుకే ధూళి గాల్లోకి లేవకముందే, కోసే బిట్ దగ్గరే లాగేయాలని, బిట్‌ను తిప్పే మోటారుకు, అంటే స్పిండిల్‌కు, తొడిగే డస్ట్ షూ (బిట్ చుట్టూ బ్రష్‌తో ఉండి పొట్టును వాక్యూమ్ పైపులోకి పంపే తొడుగు) తయారుచేశాను.

మా దగ్గరున్నది మామూలు వర్క్‌షాప్ వాక్యూమ్. దీని లాగుడు గట్టిదే గాని, లాగే గాలి తక్కువ. పెద్ద డస్ట్ కలెక్టర్ దీనికి తిరగేసి ఉంటుంది: లాగుడు మెత్తన, గాలి మాత్రం బోలెడు. కాబట్టి వాక్యూమ్‌కు పెట్టే షూ చిన్నదిగా, బిట్‌ను దగ్గరగా చుట్టుకుని ఉండాలి. అలాగని చుట్టూ మూసేసినా పని జరగదు. లోపలికి గాలి వచ్చే దారి ఉంటేనే పొట్టు ఆ గాలితో పాటు పైపులోకి వెళ్తుంది. బ్రష్ కుచ్చుల సందుల్లోంచి వచ్చే గాలి అందుకు సరిపోతుంది.

షూ రెండు ముక్కలు. పైది 18 ఎంఎం ప్లైవుడ్. మా స్పిండిల్ 2.2 కిలోవాట్లది, 80 ఎంఎం లావు. ఆ సైజు రంధ్రం కోసి, పక్కన చీలిక పెట్టి, అడ్డంగా ఒక ఎం6 బోల్టుతో బిగించాను. దాన్ని జారకుండా ఉండేంత బిగిస్తే చాలు, బలమంతా పెట్టి స్పిండిల్ బాడీని నొక్కకూడదు. కింది ముక్క 8 ఎంఎం అక్రిలిక్. బిట్ కనపడాలి కాబట్టి పారదర్శకమైనదే తీసుకున్నాను. దాన్ని మా మెషిన్ మీదే సింగిల్ ఫ్లూట్ (ఒకే కోత అంచున్న) బిట్‌తో కోశాం. రెండు మూడు ఫ్లూట్ల బిట్‌తో కోస్తే అక్రిలిక్ కరిగి బిట్‌కే అతుక్కుంటుంది.

ఈ రెండు ముక్కల్నీ పట్టి ఉంచేవి నియోడిమియం మాగ్నెట్లు. అటూ ఇటూ గుంటలు తవ్వి ఆరల్డైట్‌తో అతికించాను. అతికించేముందు ఏ ముఖం దేన్ని లాగుతుందో మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. మాగ్నెట్లతో నాకు నచ్చింది బిట్ మార్చేటప్పుడు షూ చేత్తో ఊడిరావడం ఒక్కటే కాదు. షూ వెళ్లి షీటును పట్టి ఉంచే క్లాంప్‌కు తగిలినా విరగదు, ఊడి పడుతుంది, అంతే.

బ్రష్ కోసం వెతకక్కర్లేదు. దోమలు రాకుండా తలుపు కింద కొట్టే బ్రష్ పట్టీ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. దాని వెనక అల్యూమినియం పట్టీ ఉంటుంది కాబట్టి గుండ్రంగా వంగదు. అందుకే షూను నలుచదరంగా చేసి నాలుగు ముక్కలు బిగించాను. మూలల్లో ఒకదాని కుచ్చు ఇంకోదాని మీదికి కాస్త ఎక్కాలి, లేకపోతే ధూళంతా ఆ సందులోంచే పోతుంది. బ్రష్ కొసను బిట్ మొన కంటే 3 ఎంఎం కిందికి ఉంచాను. 18 ఎంఎం లోతుకు దిగినప్పుడు కుచ్చు 21 ఎంఎం వంగాలి, అందుకని మెత్తటి నైలాన్, కనీసం 40 ఎంఎం పొడవున్నదే తీసుకోవాలి. గట్టి బ్రష్ అయితే తెగిన చిన్న ముక్కల్ని ఈడ్చుకుపోతుంది.

జాలీ పనిలో ఊడొచ్చే ముక్కలతో ఇంకో ఇబ్బంది ఉంది. పైపు మూతికి అడ్డంపడి లాగుడు ఆపేస్తాయి. మూతికి అడ్డంగా రెండు జీఐ తీగలు కట్టాను, ప్రోగ్రామ్‌లో ట్యాబ్‌లు (ముక్క ఊడిరాకుండా కోయకుండా వదిలే చిన్న అతుకులు) కూడా పెడుతున్నాను.

వాక్యూమ్‌కు ముందు సైక్లోన్ (గాలిని సుడి తిప్పి పొట్టును కిందికి రాల్చే గరాటు) తొడిగిన మందపాటి డ్రమ్ము ఉంది. పెయింట్ బకెట్ వద్దు. పైపు ఎక్కడైనా మూసుకుపోతే పలుచటి బకెట్ లోపలికి నొక్కుకుపోతుంది. పైపులో పొట్టు రాపిడికి స్టాటిక్ పుడుతుంది, చెయ్యి తగిలితే చురుక్కుమంటుంది. పైపు లోపల ఒట్టి రాగితీగ పరిచి మెషిన్ ఎర్త్‌కు కలిపాను. మొండి బిట్ ఒకేచోట రుద్దుకుంటే నిప్పురవ్వ పుడుతుంది, అది డ్రమ్ములోకి వెళ్తే పొట్టు రాజుకుంటుంది. అందుకే డ్రమ్మును ఎంత ఆలస్యమైనా షెడ్డు బయటికి తీసుకెళ్లి ఖాళీ చేసి ఇళ్లకు వెళ్తాం.

షూ బిగించిన రోజు మా కుర్రాడు మెషిన్ పక్కన పెట్టుకున్న టీ గ్లాసు చూపించి, "అన్నా, పైన పొర కట్టలేదు" అన్నాడు. టార్చి వేసి చూస్తే ఇప్పటికీ కాస్త ధూళి కనపడుతుంది. షీటు అంచు దగ్గర కోసేటప్పుడు షూలో సగం బయటికి వేలాడుతుంది, వచ్చేది అక్కడినుంచే. షీటు చుట్టూ అదే మందంలో వేస్ట్ ముక్కలు పేర్చి కోస్తే అది కూడా చాలావరకు తగ్గుతోంది. కుర్రాళ్లకు మాస్కులు మాత్రం మాన్పించలేదు.