ట్రావెన్‌కోర్ అని రాసిన చీటీ పట్టుకుని

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని ఆల్బర్ట్ గుంథర్ 1876లో ఒక చిన్న పచ్చకప్పకి పేరు పెట్టాడు. అది దొరికిన చోటు ఏదంటే ఒక్కటే మాట రాశాడు: ట్రావెన్‌కోర్. ఇప్పటి దక్షిణ కేరళ వైపున్న ఆ పాత సంస్థానం మొత్తం! సముద్రపు ఒడ్డు నుంచి కొండకొమ్ముల దాకా ఎక్కడైనా వెతుక్కోండి అన్నట్టు. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా దాని జాడ లేదు. మళ్ళీ దొరికిందని 2011లో ప్రకటించారు. ఇప్పుడు దాని పేరు రావోర్కెస్టెస్ చలజోడెస్. అందులో ‘రావ్’ అంటే సి.ఆర్. నారాయణరావు గారు, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో పాఠాలు చెబుతూ మన కప్పల మీద పనిచేసిన తొలితరం మనిషి.

ఆ కప్ప ఎంత మేర బతుకుతోందో పటం గీసే బృందంలో రికార్డర్ మోయడానికి ఒక మనిషి కావాలంటే నేను సిద్ధమయ్యాను. వెళ్ళాల్సింది తమిళనాడులోని కలక్కాడు ముండన్‌తురై పులుల అభయారణ్యం. కింద తిరునెల్వేలి వైపు తాటిచెట్లు, ఎండ. మణిముత్తారు చెక్‌పోస్టు దాటి ఘాట్ ఎక్కేకొద్దీ ముళ్ళపొదలు పోయి పెద్ద చెట్లొచ్చాయి, మాంజోలై తేయాకు తోటలొచ్చాయి, తర్వాత పొగమంచులో జీపు ముందు రోడ్డు కూడా కనబడలేదు. కాక్కాచి చేరేసరికి చొక్కా తడిసింది. వాన పడిందని కాదు, అక్కడి గాలే అంత. ఈ కొండలకు నైరుతి వానా తగులుతుంది, ఈశాన్య వానా తగులుతుంది.

దిగగానే మొదటి పని బూట్లు కడగడం. ఒక వాగులోని బురదతో పాటు కైట్రిడ్ అనే బూజు ఇంకో వాగుకి వెళ్ళకూడదు, కప్పల చర్మాన్ని తినేస్తుంది అది. ప్రతి వాగు దగ్గరా మళ్ళీ ఇదే తంతు. విసుగే, కానీ ఈ విషయంలో బృందాన్ని నడిపే మా మేడం అస్సలు వినదు. కప్పల్ని ముట్టుకునే అనుమతి కూడా ఆవిడకే ఉంది. మిగతావాళ్ళం చూడటం, రాయడం, జలగల్ని పీక్కోవడం.

మామూలుగా కప్పల సర్వే అంటే చీకట్లో నిలబడి గొంతు వినడం, వినబడ్డ వైపు వెళ్ళి టార్చి వేయడం. ఇక్కడ ముందు వెదురును పట్టాలి. ఓక్లాండ్రా అనే సన్నరకం వెదురు ఇది, మలయాళంలో ఈట అంటారు. బుట్టలకీ తడికెలకీ వాడేది అదే. వాగుల పక్కన గోడ కట్టినట్టు పెరుగుతుంది. ఈ కప్ప గుడ్లు పెట్టేది నీళ్ళలో కాదు, ఆకు మీద కూడా కాదు, ఆ వెదురు కణుపుల మధ్య ఉన్న బోలులో. లోపలికి దారి ఏ పురుగో ఎలుకో చేసిపోయిన చిన్న చీలిక. తను తొలుచుకోలేదు కాబట్టి ఇంకొకరు చేసిన కంత కోసం చూసుకుంటుంది. ఈ సంగతి 2014లో పరిశోధనా పత్రంగా వచ్చేదాకా ప్రపంచంలో ఏ కప్పా ఇలా పిల్లల్ని పెంచుతుందని తెలియదు.

మాతో వచ్చిన వాచర్ అణ్ణ కాణి తెగ మనిషి. వెదురు పొదని చేత్తో ఒకసారి అలా తోసి చూసి, “ఇందులో లేదు, పదండి” అనేవాడు. ఎలా తెలుస్తుంది అణ్ణా అంటే లేత బొంగులకి కంతలుండవన్నాడు. ముదురు బొంగులున్న పొదల దగ్గర మాత్రం ఆగి, ఒక్కో కణుపూ టార్చితో తడుముతూ వెళ్ళాలి. చీలికలోంచి సన్నని కెమెరా తీగ దూర్చి ఫోన్ తెరమీద చూడటం నా వంతు. చాలా బొంగుల్లో చీమలు. ఒకదాంట్లో సాలీడు. పచ్చగా ఏదైనా కనబడితే గుండె ఝల్లుమనేది, ఎందుకంటే పచ్చటి పింజరి పాములు కూడా ఈ పొదల్లోనే ఉంటాయి.

చివరికి తెరమీద కన్ను కనబడింది. నల్లటి కన్ను, దానిమీద బంగారు రంగు మచ్చలు. వెనక ఐదారు గుడ్లు లోపలి గోడకి అతుక్కుని ఉన్నాయి. కాపలా ఉన్నది మగది. ఈ జాతిలో గుడ్లు కాసేది తండ్రే. మగవాటిని తీసేసి చూసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. కాపలా లేని గుడ్లని ఎక్కువగా తిన్నవి పాములో చీమలో కాదు, అదే జాతికి చెందిన ఇతర మగకప్పలు. ఆ తండ్రి అంత సేపు కదలకుండా ఎందుకు కూర్చున్నాడో అప్పుడు నాకు బాగా అర్థమైంది. తోకకప్ప దశ ఈ జాతికి బయట ఉండదు, గుడ్డులోంచి నేరుగా కాళ్ళున్న పిల్లే వస్తుంది. మేం ఆ కణుపుని కదపలేదు.

గుర్తుపట్టడానికి బయట తిరుగుతున్న వేరే మగదాన్ని మేడం పట్టింది. ముక్కు కొస నుంచి కిందిదాకా రెండున్నర సెంటీమీటర్లు. లేత చిక్కుడుకాయ పచ్చ, తొడ లోపల బూడిద కలిసిన నీలం. ఆ నీలం కోసమే ఎదురుచూశాం, ఎందుకంటే ఈ కొండల్లో పచ్చటి చిన్నకప్పలు ఇంకా ఉన్నాయి. మ్యూజియం సీసాలో స్పిరిట్‌లో పడితే ఈ రంగులన్నీ వెలిసిపోతాయి. పాత నమూనాతో పోల్చి తేల్చడం అందుకే అంత తలనొప్పి. చర్మం మీద దూదిపుల్లతో రాసి డీఎన్ఏ కోసం దాచారు. నేను గొంతు రికార్డు చేసి పక్కనే ఉష్ణోగ్రత రాశాను. చలికి కప్ప మెల్లగా కూస్తుంది, వేడికి త్వరగా కూస్తుంది, అది రాయకపోతే రికార్డుకి సగం విలువ పోయినట్టే. ఇంత గొడవ ఎందుకంటే, పాలక్కాడు కనుమకి ఉత్తరాన కోళికోడ్ జిల్లా కక్కయంలో 2007లో పేరు పెట్టిన రావోర్కెస్టెస్ ఓక్లాండ్రే కూడా వెదురు బోలులోనే గుడ్లు పెడుతుంది. అలవాటు ఒకటే కదా అని రెండింటినీ కలిపేస్తే పటం వందల కిలోమీటర్లు సాగిపోతుంది.

పటం పని పగలు. కప్ప దొరికిన చోటల్లా ఒక చుక్క. బయటి చివర్న ఉన్న చుక్కలన్నిటినీ కలిపి గీత గీస్తే వచ్చే వైశాల్యం ఒక లెక్క. రెండు కిలోమీటర్ల గళ్ళు గీసి చుక్క పడ్డ గళ్ళని లెక్కపెట్టడం ఇంకో లెక్క. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ జాబితా ఈ రెండూ చూస్తుంది. మొదటిది 5,000 చదరపు కిలోమీటర్ల లోపు వస్తే ఒక మెట్టు, 100 లోపు వస్తే అన్నిటికన్నా ప్రమాదకరమైన మెట్టు, దానికి తోడు ఆవాసం తగ్గుతోందా లాంటి షరతులూ ఉంటాయి. నాకు మొదటి లెక్క మీద పెద్ద గౌరవం లేదు. మా గీత లోపల తేయాకు తోటలున్నాయి, కోదయార్ జలాశయం ఉంది. అక్కడ ఏ కప్పా బొంగులో కూర్చోదు. గళ్ళ లెక్క కొంత నయం. అయినా నాలుగు చదరపు కిలోమీటర్ల గడిలో ఉన్నది ఒక వాగు వెంట నాలుగు పొదలే కావచ్చు.

పైగా ఆ పొదలు శాశ్వతం కాదు. ఓక్లాండ్రా కొన్నేళ్ళకోసారి గుంపుగా పూస్తుంది, పూశాక చచ్చిపోతుంది. ఎండిన పొద ఒకటి అణ్ణ చూపించాడు. వంగిపోయిన బొంగులు, కింద మొలకలు. ఆ మొలకలు ముదిరి, వాటికి ఎవరో కంతలు చేసి, కప్ప తిరిగొచ్చేదాకా మా చుక్క అక్కడ అబద్ధమే. అందుకే ప్రతి చుక్క పక్కనా తేదీతో పాటు బొంగు వయసు కూడా రాయాలని పట్టుబట్టాను. ఫారంలో ఆ గడి లేదు, మార్జిన్‌లో రాశాం.

దీనికంటే ఎక్కువ వాదన జరిగింది ఖాళీల గురించి. వెతికి కనబడని చోటు వేరు, ఎవరూ వెళ్ళని చోటు వేరు. అచ్చయిన పటాల్లో రెండూ తెల్లగానే ఉంటాయి. ఎంతసేపు విన్నామో, ఎన్ని కణుపులు చూశామో రాసి, దొరకని చోట బోలు చుక్క పెట్టాం. ఏమీ చూడని చోట అడ్డగీతలు గీశాం. పడమటి వాలు మొత్తం అడ్డగీతలే. కొండల వెన్ను, అదే రిడ్జి మీద నిలబడితే అటువైపు వెదురు పొదలు కంటికి కనబడుతూనే ఉన్నాయి. అవి కేరళవి, నెయ్యార్, పేప్పారా అభయారణ్యాలవి. మా అనుమతి కాగితం రిడ్జి దగ్గర ఆగిపోతుంది.

ఆ వైపుకి వేరే అర్జీ పెట్టాలి. మాంజోలై దిగుతూ జీపులోనే మేడం డ్రాఫ్టు మొదలుపెట్టింది. ఏ నెల అడగాలి అంది. మొదటి వానలు పడ్డాక అన్నాను. జలగలు తక్కువ ఉండే నెల అడగండి అన్నాడు డ్రైవరు.