చారు మనకు, ఉలవలు గేదెకా?

ఇటు ఉదయగిరి నుంచి అటు కనిగిరి దాకా మెట్ట చేలల్లో, వానలు వెనకబడి వేరే పైరుకు అదను దాటిపోయినా ఉలవ చల్లుకోవచ్చు. అంత మొండి పంట. ఇంట్లోకొచ్చేసరికి మాత్రం దాని నీళ్ళతో చారు కాచుకుని, గింజల్ని గేదె కుడితిలో పోస్తాం. బలం ఎక్కువగా ఉండిపోయేది ఆ గింజల్లోనే. వంద గ్రాముల ఎండు ఉలవల్లో మాంసకృత్తులు దాదాపు 22 గ్రాములు, కాల్షియం 250 మిల్లీగ్రాములకు పైనే. కొవ్వు గ్రాము లోపు.

పావుకిలో ఉలవల్ని చేటలో చెరిగి, నీళ్ళలో గాలించండి. ఉలవ రంగు రాయి కంటికి ఆనదు, పంటికే తగులుతుంది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. బలం పోతుందంటారు పెద్దవాళ్ళు. కొంత పోతుంది, నిజమే. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలూ దాంతోనే పోతాయి మరి.

లీటరున్నర మంచినీళ్ళు పోసి, కుక్కర్ మొదటి కూత వేశాక సెగ తగ్గించి అరగంట ఉంచాలి. వేళ్ళ మధ్య నొక్కితే చితకాలి. ఎంతకీ ఉడక్కపోతే తప్పు ఉలవలదే అనుకోకండి. మన బోరునీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం గింజను మెత్తబడనివ్వవు, క్యాన్ నీళ్ళతో ఉడికించి చూడండి. రెండేళ్ళు నిలవున్న ఉలవలైతే ఏ నీళ్ళకైనా మొరాయిస్తాయి. చింతపండు ముందే వేసినా అంతే, పులుపు తగిలిన గింజ బిర్రబిగుస్తుంది.

వడకట్టిన నీళ్ళలో నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, కారం వేసి సన్నసెగన మరగనివ్వండి. చిక్కదనానికి గుప్పెడు ఉడికిన ఉలవలు మెత్తగా రుబ్బి కలపండి. హోటళ్ళలో మీగడ వేస్తారు గానీ, నాకైతే అది ఉలవ రుచిని మింగేస్తుందనిపిస్తుంది.

మిగిలిన గింజలు గుగ్గిళ్ళకు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టి, దించాక నిమ్మకాయ పిండాలి. ఉలవలో ఇనుమున్నా, గింజలో సహజంగా ఉండే ఫైటేట్లనే పదార్థాలు దాన్ని సరిగా ఒంటబట్టనివ్వవు, ఆ చిక్కును నిమ్మరసం కొంత విప్పుతుంది. తిన్న వెంటనే టీ తాగితే మళ్ళీ మొదటికే.

మొలకలు కట్టేవాళ్ళు ఎండాకాలం గుడ్డను పూటపూటా కడగాలి. జిగురొచ్చి పుల్లటి వాసన కొడితే పారేయడమే. మొలకలైనా ఆవిరి పట్టే తినండి.

కిడ్నీలో రాళ్ళకు ఉలవనీళ్ళు చాలని స్కానింగ్ మానేయొద్దు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు డాక్టరును అడిగాకే ఉలవల జోలికెళ్ళాలి.