వెజెలే: ఏది పన్నెండో శతాబ్దం, ఏది పంతొమ్మిది?

ఫ్రాన్స్‌లో, బుర్గుండీ ప్రాంతపు యోన్ జిల్లాలోని ఓ కొండ మీద ఉన్న ఊరు వెజెలే. జనాభా ఐదువందలు కూడా లేదు. ప్రధాన వీధి పట్టుకుని ఎక్కితే చివర మగ్దలేనే మరియ బాసిలికా (పెద్ద చర్చి) వస్తుంది. 1979 నుంచి కొండా, గుడీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. వచ్చినవాళ్లు ముందుగా పడమటి గోడకి ఫోటోలు తీస్తారు. కానీ దాని మీది తీర్పుదినపు శిల్పం 19వ శతాబ్దంలో చెక్కించింది. పాతది ఫ్రెంచి విప్లవకాలంలో పాడైపోయింది. అసలు సరుకంతా లోపలే.

ముఖమండపంలో అడుగుపెట్టగానే ముందుకు పోకండి. చీకటికి కళ్లు అలవాటు పడనిచ్చి, నడి ద్వారం మీది అర్ధవృత్తపు శిల్పాన్ని చూడండి. ఇది 12వ శతాబ్దపు పని. క్రీస్తు చేతుల నుంచి కిరణాలు శిష్యుల మీదికి దిగుతుంటాయి, చుట్టూ లోకంలోని జాతులన్నీ ఉంటాయి. చాటంత చెవులవాళ్లు, నిచ్చెన వేసుకుని గుర్రమెక్కే మరుగుజ్జులు, కుక్కతలల మనుషులు. ఈ కుక్కతలలవాళ్లు ఉండేది ఇండియాలోనని ప్రాచీన గ్రీకులు రాసుకున్నారు. అంటే ఆ గుంపులో మన వంతు కూడా ఉందన్నమాట!

1120లో పాత గుడి కాలిపోయాక ఇప్పటి నడిశాల, అంటే గుడి పొడవునా సాగే మధ్యభాగం, కట్టారు. కప్పుకి రెండు కమానులు ఒకదాన్నొకటి అడ్డంగా ఖండించుకునే పద్ధతి వాడారు. దీనివల్ల బరువు మూలలకి పోతుంది, గోడ పైభాగంలో పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు. లోపల అంత వెలుతురు ఉన్నది అందుకే. చిక్కల్లా ఏమిటంటే, ఆ కప్పు గోడల్ని పక్కలకి నెట్టింది. గోడలు విచ్చుకునే కొద్దీ అడ్డకమానుల గుండ్రదనం పోయి నడుమ దిగబడ్డాయి. ఇప్పటికీ శాల మధ్య నిలబడి పైకి చూస్తే కొన్ని వంపులు అణిగి ఉన్నట్టు కనిపిస్తాయి.

1834లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ ప్రాస్పెర్ మెరిమే వచ్చేసరికి గుడి కూలడానికి సిద్ధంగా ఉంది. 1840లో మరమ్మతు పనిని ఇరవయ్యారేళ్ల వాస్తుశిల్పి వయొలె-ల-ద్యూక్ చేతిలో పెట్టారు. అతను గోడల్ని బయటినుంచి ఆపే ఊతకమానుల్ని కొత్తగా కట్టించాడు, కొన్ని కప్పుల్ని విప్పి తిరిగి కట్టించాడు. నడిశాల తూర్పు కొసన, తర్వాతి కాలపు గోథిక్ తరహాలో ఉన్న కప్పుల్ని మిగతావాటితో కలిసిపోయేలా మార్చేశాడు కూడా. ఈ చివరి పని అనవసరమే. కానీ అతను లేకపోతే ఇవాళ చూడ్డానికి రాళ్లగుట్టే మిగిలేది.

స్తంభశీర్షాలు, అంటే స్తంభాల తలల మీది చెక్కడాలు, వందకి దగ్గరగా ఉన్నాయి, బైనాక్యులర్ ఉంటే మంచిది. తప్పక వెతకాల్సింది తిరగలి శిల్పం: మోషే పైనుంచి ధాన్యం పోస్తుంటే పౌలు కింద పిండి పట్టుకుంటాడు. బైబిల్ పాత నిబంధన గింజ, కొత్త నిబంధన పిండి.

జూన్ 21 చుట్టుపక్కల ఎండ ఉంటే, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకి దక్షిణపు కిటికీల వెలుగు శాల మధ్యలో వరుస మడుగులుగా పడుతుంది. ఫ్రాన్స్ వేసవి గడియారం ప్రకారం అది పన్నెండుకి కాదు, రెండుకి కాస్త ముందు. పన్నెండుకి చూసి వెళ్లిపోయినవాళ్లకి దక్కదు. అప్పుడు సూర్యుడి ఎత్తు సుమారు 66 డిగ్రీలు. డిసెంబరులో అది 19కి పడిపోతుంది కాబట్టి వెలుగు నేలకి దిగకుండా ఉత్తరపు స్తంభశీర్షాల మీదే ఆగిపోతుంది.

ఈ ఊరికి సిరి తెచ్చింది మగ్దలేనే మరియ అవశేషాలు ఇక్కడున్నాయన్న నమ్మకం. 1146 ఈస్టర్‌కి సన్యాసి సెయింట్ బెర్నార్డ్ రెండో క్రూసేడ్‌కి (క్రైస్తవుల మతయుద్ధానికి) పిలుపిచ్చింది ఈ కొండ పక్కనే. 1190లో మూడో క్రూసేడ్‌కి ఇంగ్లండు రాజు రిచర్డ్, ఫ్రాన్స్ రాజు ఫిలిప్ కలుసుకున్నది కూడా ఇక్కడే. 1279లో ప్రొవాన్స్‌లోని సెయింట్-మాక్సిమాఁలో అసలు అవశేషాలు దొరికాయన్నారు. దాంతో యాత్రికులు తగ్గారు, డబ్బూ తగ్గింది.

వీధిలోనే ఫ్రెంచి రచయిత రొమె రొలాఁ ఇల్లుంది, ఇప్పుడది జెర్వోస్ ఆధునిక కళల మ్యూజియం. గాంధీ, రామకృష్ణ, వివేకానందుల జీవితాలు రాసిన ఆయన 1944 డిసెంబరు 30న ఈ ఊళ్లోనే పోయాడు. అయితే 1931లో గాంధీ ఆయన్ని కలిసింది ఇక్కడ కాదు, స్విట్జర్లాండ్‌లోని విల్‌నెవ్‌లో.

దగ్గరి రైల్వే స్టేషన్ సెర్మిజెల్, సుమారు పది కిలోమీటర్లు. అక్కడినుంచి బస్సులు అంతంతమాత్రం, తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి.